శనివారం గ్లాసు

ఫిబ్రవరి 9, ఆదివారం

మరిదిగారికి,

పదకొండేళ్ళ తర్వాత నా చేతిరాత చూసి కంగారుపడతారని తెలుసు. ఎవరికీ ఏమీ కాలేదు. కావలసింది అయిపోయి నాలుగు నెలలు దాటింది, అది మీకూ తెలుసు. మీరు రాలేదు. ఆ సంగతి ఎత్తకూడదనే మొదలుపెట్టాను, అయినా ఎత్తేశాను. కొట్టివేతలుంటే ఉత్తరం బాగుండదని అలాగే ఉంచుతున్నాను.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటారేమో. ఇరవై ఎనిమిదేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో కూర్చుని ఊళ్ళోవాళ్ళ మాటలన్నీ కలిపినదాన్ని. ఇప్పుడు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే చాలు, "ఎవరు కావాలండీ?" అనేస్తున్నాను. మొన్న కరెంటు ఆఫీసువాడు అవతలినుంచి "మీరే కావాలండీ" అన్నాడు. ఎందుకో ఏడుపొచ్చింది. అందుకే కాగితం.

కళ్ళద్దాల షాపు మూసేశాను. తయారై ఉన్న కళ్ళద్దాలన్నీ ఎవరివి వాళ్ళకు చేర్చాను. ఒక పెద్దాయన కొత్త అద్దాలు పెట్టుకుని వీధిలో నిలబడి షాపు బోర్డు పైనుంచి కిందదాకా చదివి, "మీ ఆయన అక్షరాలు ఇంత వంకరగా రాయించాడా!" అని ఆశ్చర్యపోయి వెళ్ళాడు.

షాపు అయ్యాక పైన ఇంట్లో బీరువా సర్దాను. కింది అరలో ఆయన సీసాలు ఐదు, మూతున్న స్టీలు ఫ్లాస్కు, మందు కొలిచే చిన్న మూత, పొడవాటి చెంచా. శనివారం షాపు కట్టేసి వచ్చి ఒకే ఒక్క గ్లాసు కలుపుకునేవారు. దానికి ఏదో ద్వీపం పేరు ఉందట, ఈ ఇంట్లో మాత్రం దాన్ని ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. చూడ్డానికి అచ్చం టీ. కాపురానికొచ్చిన కొత్తలో నేను టీయే అనుకుని, చల్లారిపోయింది కదా అని గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టాను. మంట ఇంతెత్తు లేచింది. ఆయన అంతలా నవ్వడం మళ్ళీ చూడలేదు.

అది ఎలా కలపాలో రాసి పంపండి. మీరు ఓడలో బారు నడిపిన మనిషి, ఆయనకు నేర్పిందీ మీరే. ఏ సీసాలోంచి ఎంత, ఏది ముందు, ఏది వెనక. ఎందుకని మాత్రం అడగొద్దు.

ఇట్లు,
వదిన


ఫిబ్రవరి 17, సోమవారం

వదినగారికి నమస్కరించి రాయునది,

మీ ఉత్తరం శుక్రవారం అందింది. నేనుండేది లాండ్రీ పైన ఒంటి గది. కింద లాండ్రీ ఆవిడ నాకొచ్చే ఉత్తరాలు ఇస్త్రీ బల్ల పక్కన పెడుతుంది. ఆవిరికి కవరు దానంతటదే ఊడిపోయి చేతికొచ్చింది. ఆవిడ చదివిందేమో తెలియదు. చదివితే చదివింది. నాకొచ్చేదే ఏడాదికి రెండు, అందులో ఒకటి పింఛనువాళ్ళది.

మీరు నన్ను "మీరు" అన్నారు. పర్వాలేదు. ఆ పిలుపు నేను చేజేతులా తెచ్చుకున్నదే.

అన్నయ్య పోయినప్పుడు రాలేకపోయాను. కారణం రాస్తే సాకులా ఉంటుంది.

మీరడిగింది కింద రాస్తున్నాను. రెండు చెంచాల టీ ఆకు చిక్కగా మరిగించి, వడగట్టి, బాగా చల్లార్చండి. గ్లాసు నిండా ఐసు వేసి, సగం నిమ్మచెక్క పిండి, రెండు చెంచాల పంచదార పాకం పోసి, టీ వంచి, పైన కాస్త కోలా. పొట్టి సీసాలోంచి ఒక్క చుక్క, వాసన కోసం. అంతే. మిగతా నాలుగు సీసాలు కదపొద్దు, పాతబడి పాడైపోయి ఉంటాయి.

ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు సాయంత్రాలు మంచివి కావు, వదినా. చెప్పులేసుకుని బయటికి నడవండి. నేను రోజూ రేవు చివరి దీపం దాకా వెళ్ళి వస్తాను.

మీ
మరిది


మార్చి 2, ఆదివారం

నువ్వు నన్ను ఇంత వెర్రిదాన్ని అనుకుంటావని అనుకోలేదు.

నిన్న శనివారం. చెప్పింది చెప్పినట్టు చేశాను. టీ మరిగించాను, ఐసు కొట్టాను, నిమ్మచెక్క పిండితే పాత గాటు మీద పడి మండింది కూడా. సాయంత్రం ఆరింటికి ఆయన కుర్చీ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. వాసన చూశాను. ఏమీ లేదు. నిమ్మకాయ వాసన. నా ముక్కు పనిచెయ్యడం లేదేమో, చేతకాక ఏదో చెడగొట్టానేమో అనుకుని, మళ్ళీ ఇంకోసారి మొత్తం కలిపాను.

పై వాటాలో ఒక నర్సు ఉంటుంది. ఆయన ఆఖరి రోజుల్లో చెయ్యి పట్టుకున్న మనిషి. డ్యూటీ నుంచి వస్తూ తొంగి చూసింది. "ఇది తాగి చెప్పమ్మా, సరిగ్గా కుదిరిందా" అన్నాను. ఒక గుక్క తాగి పకపకా నవ్వింది. "పిన్నిగారూ, ఇది ఒట్టి టీ. మా వార్డులో జ్వరమొచ్చినవాళ్ళకి ఇస్తాం" అంది. సీసాలు చూపించాను. "ఇవి పాడవడమేమిటి పిన్నిగారూ, మనం పాడైనా ఇవి పాడవవు" అంది. ఆ పిల్ల ముందు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఎందుకు చేశావీ పని? మొగుడు పోయిన ఆడది సీసాలు ముందేసుకుని కూర్చుంటుందనా? తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని ఊరికే అన్నారా? నేను చెట్టు దాకా కూడా వెళ్ళలేదు, నువ్వప్పుడే ముంత చూసేశావు. మీ అన్నయ్య ముప్పై నాలుగేళ్ళలో నాకు ఒక్క అబద్ధం చెప్పలేదు. నువ్వు ఒక్క ఉత్తరంలో అరడజను చెప్పావు.

వదిన


మార్చి 10, సోమవారం

వదినా,

"నువ్వు" అని తిట్టారు. ఆ ఒక్క మాట కోసం మీ ఉత్తరం నాలుగుసార్లు చదువుకున్నాను. మిగతాదానికి సిగ్గుపడ్డాను.

మీరన్నది నిజం. భయపడ్డాను. ఓడలో ఇరవై రెండేళ్ళు బారు బల్ల వెనక నిలబడ్డవాణ్ణి. మొదటి గ్లాసు అడిగేటప్పుడు అందరూ "ఎందుకని అడగొద్దు" అనే అంటారు. ఇంకో సంగతి కూడా ఉంది. అసలు కొలతలు రాయడానికి ఆ రోజు కూర్చున్నాను. మూడో సీసా పేరు దగ్గరకొచ్చేసరికి నోట్లో నీళ్ళూరాయి. చించేశాను. నేను మానేసి తొమ్మిదేళ్ళు. తొమ్మిదేళ్ళయినా కాగితం మీద పేరు రాస్తే నాలిక గుర్తుపడుతుంది. అందుకని టీ రాసి పంపాను. మీకోసం కొంతా నాకోసం కొంతా.

అన్నయ్య పోయినప్పుడు ఎందుకు రాలేదో కూడా రాసేస్తాను. అచ్చు కార్డు వచ్చింది. సంచీ సర్దుకున్నాను. కార్డు ముందూ వెనకా తిప్పి చూశాను, చేత్తో రాసిన ముక్క ఒక్కటీ లేదు. నేను తాగొచ్చి షాపు అద్దాల బీరువా మీద పడి, అరవై జతలు నేలపాలు చేసిన రోజున "మళ్ళీ ఈ మెట్లెక్కొద్దు" అన్నారు మీరు. ఆ మాట ఇంకా అమల్లో ఉందనుకున్నాను. సంచీ మళ్ళీ విప్పేశాను.

మీకు మనసులో నామీద పూర్తిగా కోపం లేదని మాత్రం నాకెప్పుడూ తెలుసు. నెల నెలా అన్నయ్య వచ్చినప్పుడు మీరు కట్టి పంపే రొట్టె, ఉడికించిన గుడ్లు, చిన్న పొట్లంలో ఉప్పు, మిరియాలు. ఆ ఉప్పు పొట్లం మడత మీ చేతి మడతే. మానేసిన కొత్తలో ఏదీ ఇమడని రోజుల్లో కూడా ఆ గుడ్లు ఇమిడాయి. ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

మీ మరిది


మార్చి 15, శనివారం

నేనెవరికీ ఏమీ పంపలేదు.

నెలకోసారి ఆయన లెన్సుల ఫ్యాక్టరీకి వెళ్ళేవారు. నాకు చెప్పింది అది. పొద్దున రైలెక్కి చీకటి పడేసరికి వచ్చేవారు. "దారిలో ఆకలేస్తుంది, రెండు గుడ్లు ఎక్కువ పెట్టు" అనేవారు. పెట్టాను. ఆయన ఆకలికి పెట్టాను, నీకు కాదు.

కార్డులు అచ్చు వేయించిందీ పోస్టులో వేసిందీ పై వాటా నర్సు. ఆ వారం నాకు పెన్ను ఎటు పట్టుకోవాలో తెలియలేదు. నీకే కాదు, నా సొంత అక్కకి కూడా చేత్తో రాయలేదు. ఆవిడ వచ్చింది.

తొమ్మిదేళ్ళపాటు అన్నదమ్ములిద్దరూ కలిసి నన్ను గడప బయట నిలబెట్టారన్నమాట. ఈ ఇంటికి గడప కాసింది నేననుకున్నాను.

ఇంక రాయకు.


మార్చి 22, శనివారం

వదినా,

రాయొద్దన్నారు. ఇది ఒక్కటి రాసి ఊరుకుంటాను.

నాకు తెలియదు. ఒట్టు. "వదిన పంపింది, తిను" అనేవాడు అన్నయ్య. "నన్నెప్పుడు రానిస్తుంది?" అంటే, "మెత్తబడుతోంది, కాస్త ఆగు" అనేవాడు. మీకు తెలిసే పంపుతున్నారనుకున్నాను. ఆయన మీతో ఒకలా, నాతో ఒకలా చెప్పాడని మీ ఉత్తరం చదివాకే తెలిసింది. కింద లాండ్రీ యంత్రం తిరుగుతోంది, గది నేల అదురుతోంది, నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. తొమ్మిదేళ్ళు తిన్నది మీ చేతి గుడ్లే. పంపింది మాత్రం మీరు కాదు.

ఆయన్ని తప్పు పట్టకండి. మన ఇద్దరి మధ్య నిలబడి రెండు వైపులా అబద్ధం చెప్పడం ఆయనలాంటి మనిషికి ఎంత కష్టమో మీకు తెలుసు.

మీరడిగినదానికి నా దగ్గర జవాబుంది. దాన్ని దాచే హక్కు నాకు లేదు. లాండ్రీ ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని రాస్తున్నాను. మూడో సీసా దగ్గర ఆగిపోతే ఆవిడ పెన్ను లాక్కుంటానంది.

ఐదు సీసాలు: వోడ్కా, జిన్, తెల్ల రమ్, టెకీలా, నారింజ లిక్కరు. ఒక్కోదాంట్లోంచి మందు మూతతో ఒక్క మూత, తలకొట్టి. ఎక్కువ కాదు తక్కువ కాదు. ఐదింటిలో ఏదీ పైకి తేలకూడదు, అదే దీని మర్మం. ఫ్లాస్కులో ఐసు వేసి ఐదూ పోసి, రెండు మూతల నిమ్మరసం, ఒక మూత పాకం. మూత బిగించి, ఫ్లాస్కు పట్టుకున్న చేతికి నొప్పి పుట్టేంత చల్లబడేదాకా ఊపండి. పాత ఐసు మళ్ళీ వాడకండి. గ్లాసులో కొత్త ఐసు వేసి, దాని మీదికి వడగట్టండి. కోలా ఆఖరున, అంచు మీదుగా, కొంచెం కొంచెం. అన్నయ్య ప్రతిసారీ గ్లాసు కిటికీ వెలుగుకెత్తి, లెన్సు చూసినట్టు ఒక కన్ను మూసి చూసేవాడు. టీ రంగు రాగానే ఆపాలి. కాఫీ రంగొస్తే కోలా ఎక్కువైనట్టు.

చూడ్డానికి సాధువు, తాగితే పులి. ఖాళీ కడుపుతో ముట్టుకోకండి. ఒక్కటి చాలు. ఆయనకీ ఒక్కటే చాలేది, అందుకే ఆయన్ని చూస్తే నాకు అసూయ.

ఉంటాను.
మరిది


ఏప్రిల్ 6, ఆదివారం

మరిదికి,

నిన్న కలిపాను.

నర్సు "నేనూ కూర్చుంటా పిన్నిగారూ" అంది. వద్దని పైకి పంపించేశాను. మొదటిసారి కాఫీ రంగొచ్చింది, కాలవలో పారబోశాను. రెండోసారి ఫ్లాస్కు ఊపుతుంటే, స్టీలులో ఐసు చప్పుడు నీకు తెలుసుగా, ఆ చప్పుడు వినగానే నేను వంటింటివైపు తిరిగాను. ఫ్లాస్కు నా చేతిలోనే ఉంది, ఊపుతున్నదీ నేనే, అయినా లేచి వెళ్ళిపోబోయాను. ముప్పై నాలుగేళ్ళ అలవాటు.

ఎందుకని అడగొద్దన్నాను కదా. ఇప్పుడు నేనే చెబుతాను.

ప్రతి శనివారం ఆయన గ్లాసు బల్ల మీద పెట్టుకుని, "కాసేపు కూర్చోరాదూ?" అనేవారు. "నాకు పనుంది" అనేదాన్ని. పనేమీ ఉండేది కాదు. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేదాన్ని. మా నాన్న తాగేవాడు. తాగిన రోజున నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కథ చెప్పేవాడు. కథ మధ్యలో కొట్టేవాడు. ఎక్కడ కొడతాడో తెలియదు, అందుకని కథ వింటున్నంతసేపూ ఒళ్ళంతా బిగబట్టుకుని ఉండేదాన్ని. మీ అన్నయ్య గొంతు కూడా పెంచి ఎరగరు. నాకు తెలుసు. తెలిసినా ఆ కుర్చీ పక్కన కూర్చోలేకపోయాను. ఆయన ఎందుకని ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అడిగితే బాగుండేది. చెప్పినా బాగుండేది. ఆఖరి శనివారం కూడా ఆస్పత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకుని, "ఇవాళ పనేమీ లేదుగా?" అన్నారు.

అందుకోసం కలిపాను. ఒక్క శనివారమైనా కూర్చుందామని.

గ్లాసు కిటికీకెత్తి చూశాను. టీ రంగే. కూర్చున్నాను. వాసన వచ్చింది. ఆయన చొక్కా కాలరు వాసన, శనివారంది, అచ్చంగా అదే. వాసన వచ్చింది కానీ ఆయన రాలేదు.

ఒక్క గుక్క తాగాను. అబ్బ, గొంతులో చీపురు పెట్టి ఊడ్చినట్టుంది! మనుషులు దీనికోసం కొంపలెందుకు కూల్చుకుంటారో నాకు అర్థం కాదు, కోపం తెచ్చుకోకు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. అది దాని ఘాటుకేనని తర్వాత దిగొచ్చిన నర్సుతో చెప్పాను. నీకు చెప్పను.

గుడ్ల సంగతి ఆలోచించాను. నువ్వు అడిగించి ఉంటే నేను పెట్టేదాన్ని కాదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అందుకే అబద్ధమాడారు. ఇప్పుడు తల్చుకుంటే, తెలిసే పెట్టిందాన్నయితే బాగుండేదనిపిస్తోంది.

ఒకసారి రా. మెట్లెక్కొచ్చు.

వదిన


ఏప్రిల్ 12, శనివారం

వదినా,

ఈ నెల ఇరవైన, ఆదివారం, మధ్యాహ్నం రైలుకు వస్తాను. నాలుగు గంటలకల్లా ఇంట్లో ఉంటాను. లాండ్రీ ఆవిడ నా ఒక్కగానొక్క మంచి చొక్కాకి గంజి పెట్టి, నిలబెడితే నిలబడేలా చేసింది.

మరిది


ఏప్రిల్ 21, సోమవారం

మరిదికి,

నువ్వు రాలేదు.

రైలు తప్పిందేమో, ఒంట్లో బాగోలేదేమో అని నర్సు అంటోంది. అదే అయితే చెప్పు, ఈ ఉత్తరాన్ని చించెయ్. కాకపోతే చదువు.

నువ్వొస్తున్నావని సీసాలన్నీ ముందురోజే నర్సుకిచ్చి ఇంట్లోంచి పంపించేశాను. తొమ్మిదేళ్ళు కట్టుకున్న నీ నోరు నా గదిలో కట్టు తప్పకూడదు కదా. అయినా ఏదో ఒకటి ఇవ్వాలి. ఏం చెయ్యను? నువ్వు నాకు రాసి పంపిన ఆ దొంగ టీయే కలిపాను. టీ ఆకు రెండు చెంచాలు, సగం నిమ్మచెక్క, అన్నీ నువ్వు చెప్పినట్టే, ఆ ఒక్క చుక్క మానేశాను. ఐసు వేసి రెండు గ్లాసులు కిటికీ దగ్గర బల్ల మీద పెట్టాను. మూడున్నర నుంచి కళ్ళల్లో వత్తులు వేసుకుని వీధి చూశాను.

నాలుగైంది. నాలుగున్నర అయింది. వీధిలో బొత్తిగా జనం లేరు. ఎదురుగా బస్‌స్టాపులో ఎవరో పెద్దాయన ఒకడే, బక్కగా, తెల్ల జుట్టు, చేతిలో కాగితం పొట్లం. మూడు బస్సులు వచ్చాయి, ఒక్కటీ ఎక్కలేదు. పాపం నంబరు కనిపించడం లేదేమో, మీ అన్నయ్య ఉంటే పిలిచి కళ్ళు చూసేవారు కదా అనుకున్నాను. దిగి వెళ్ళి అడుగుదామనిపించింది. ఈలోపు నువ్వొస్తే తలుపు వేసి ఉంటుందని కదల్లేదు. నాలుగో బస్సుకి ఎక్కి వెళ్ళిపోయాడు.

ఐసు కరిగి రెండు గ్లాసులూ నీళ్ళయ్యాయి. ఒకటి నేను తాగాను, రెండోది కూడా నేనే తాగాను.

ఇన్నాళ్ళూ రావద్దన్నానని రాలేదన్నావు. ఈసారి రమ్మన్నాను.

వదిన


ఏప్రిల్ 26, శనివారం

వదినా,

బస్‌స్టాపులో ఉన్నది నేనే.

మీరు కిటికీలోంచి సూటిగా నావైపే చూశారు. గుర్తుపట్టలేదని నాకప్పుడు తెలియదు. గుర్తుపట్టి, నేను మెట్లెక్కుతానా లేదా అని చూస్తున్నారనుకున్నాను. మీరు చూసినప్పటి నేను ఇద్దరి బరువు ఉండేవాణ్ణి. జుట్టు నలుపు. తాగుడు పోతూ పోతూ సగం మనిషిని పట్టుకుపోయింది.

రైలు దిగి వీధి చివరికొచ్చేదాకా బాగానే ఉన్నాను. షాపు బోర్డు తీసేశారు. గోడ మీద నాలుగు మేకుల చోటు తెల్లగా ఉంది. అది చూసేసరికి అన్నయ్య పోయాడని అప్పుడే ఎవరో వచ్చి చెప్పినట్టయింది. ఎదురుగా బస్‌స్టాపు స్తంభం పట్టుకుని నిలబడ్డాను. తలెత్తితే మీ కిటికీ, కిటికీలో రెండు గ్లాసులు. ఎండ పడి మెరుస్తున్నాయి. ఐసు, నిమ్మచెక్క, టీ రంగు.

ఆ క్షణంలో నాకది టీ అని తట్టలేదు, వదినా. నాకే తట్టలేదు! కొలతలు రాసిచ్చింది నేను, మీరు కలపడం నేర్చుకున్నారని ఉత్తరంలో చదివాను. బాధలో ఉన్న మనిషి అన్నయ్య పేరు చెప్పి "ఒక్కటి తీసుకో" అంటే కాదనే బలం నాకు లేదు. మీరు పెట్టేది కాదని మీ చెయ్యి తోసెయ్యాలనీ లేదు. రోడ్డు దాటితే ఇరవై అడుగులు. మొదటి బస్సు పోయాక దాటుదామనుకున్నాను. రెండోది పోయాక దాటుదామనుకున్నాను. మూడో బస్సు డ్రైవరు "ఎక్కుతావా పెద్దాయనా?" అని అడిగాడు. లేదన్నాను. నాలుగో బస్సుకి అడిగేవాళ్ళు లేకపోయినా ఎక్కేశాను.

మీ ఉత్తరంలో "దొంగ టీయే కలిపాను" అన్న చోటికి వచ్చి ఆగిపోయాను. లాండ్రీ ఆవిడ కిందనుంచి "ఏమైంది?" అని కేకేసింది. ఏమని చెప్పను? నాకోసం ఐసు కొట్టి పెట్టుకుని కూర్చున్న మనిషిని చూసి పారిపోయొచ్చానని చెప్పనా?

పొట్లంలో ఉన్నవి గుడ్లు. పొద్దున్నే ఆరు ఉడకబెట్టాను. ఒక్కసారైనా మీకు నేను పెడదామని. తిరుగు రైల్లో ఎదురు సీటు పిల్లలు తిన్నారు.

క్షమించమని అడగను. అడిగీ అడిగీ ఆ మాట అరిగిపోయింది నా దగ్గర.

మరిది


మే 1, గురువారం

మరిదికి,

చదివాను. తిట్టాలని కాగితం తీశాను. సగం తిట్టాక నవ్వొచ్చింది, ఆ కాగితం పారేశాను. ఇది రెండోది.

నిన్ను నేను గుర్తుపట్టలేదు. అది నా తప్పు. రోడ్డు నువ్వు దాటలేదు. అది నీ తప్పు. చెల్లుకు చెల్లు.

మళ్ళీ రమ్మంటే మళ్ళీ బస్‌స్టాపులో నిలబడతావు. కాబట్టి వచ్చే గురువారం నేనే వస్తున్నాను. పొద్దున రైలు, పదకొండుకి దిగుతాను. జీవితంలో ఒంటరిగా రైలెక్కింది లేదు, నర్సు టికెట్టు తీసి చేతిలో పెట్టింది. ప్లాట్‌ఫారం మీద నువ్వే ముందుకొచ్చి పలకరించు. దాక్కుంటే స్టేషన్‌లో మైకు పట్టుకుని పేరు పెట్టి పిలిపిస్తాను. ఎక్స్ఛేంజీలో పనిచేసినదాన్ని, నాకు మొహమాటం లేదు.

వదిన


మే 17, శనివారం

వదినా,

క్షేమంగా చేరారని నర్సమ్మ రాసిన కార్డు ఇవాళ వచ్చింది. ఈసారి అచ్చుది కాదు.

మీరు వెళ్ళాక మీరు కూర్చున్న కుర్చీ జరపలేదు. గదిలో ఉన్నది ఒకటే కుర్చీ కాబట్టి వారం పైగా మంచం మీద కూర్చుంటున్నాను. మీరు తోమిన కెటిల్‌లో మొహం కనిపిస్తోంది. ఇంత ముసలివాణ్ణయ్యానని అది చూశాకే తెలిసింది. లాండ్రీ ఆవిడ "మీ వదిన బాగా మాట్లాడుతుందే" అంది. నిజానికి మనం ఆ రోజు పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. రేవు చివరిదాకా నడిచాం, తిరిగొచ్చాం. అన్నయ్య ఎక్కడ కూర్చునేవాడని అడిగారు, చూపించాను. అక్కడ కాసేపు కూర్చున్నారు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. అంతే కదా. కానీ ఆ అంతసేపూ గదిలో ఏదో ఉంది, మీరు వెళ్ళగానే అది లేదు. గది ముందుకంటే ఖాళీగా ఉంది. ఇలా అవుతుందని తెలిసే మనుషుల్ని పిలవడం మానేశాననుకుంటాను.

ఒక సంగతికి మీకు జవాబు బాకీ ఉన్నాను. రైలు కదులుతుండగా కిటికీలోంచి అడిగారు, "ఇంకా తాగాలనిపిస్తుందా నీకు?" అని. అబద్ధం చెప్పబోయి మానుకుని, "రోజూ, వదినా" అన్నాను. మీరు తిడతారనుకున్నాను. "నాకూ అంతే. రోజూ షాపు మూసే వేళకి మెట్ల మీద ఆయన అడుగు వినిపిస్తుంది. వెళ్ళి తలుపు తీస్తాను" అన్నారు. అప్పటికే రైలు ముందుకెళ్ళిపోయింది. పక్కన పరిగెత్తే కాళ్ళు కావు నావి. చెయ్యి ఎత్తాను, మీరు చూశారో లేదో.

మానేసిన కొత్తలో మా డాక్టరు ఒకటే చెప్పేవాడు. "జన్మంతా మానేస్తానని అనుకోకు, అంత బరువు ఎవడూ మొయ్యలేడు. ఈ పూట గడిపెయ్యి, చాలు." నాది అలాగే గడుస్తోంది. మీదానికి అది పనికొస్తుందో లేదో నాకు తెలియదు. నా దగ్గర ఉన్న మందు అదొక్కటే, అందుకని రాస్తున్నాను.

ఇవాళ శనివారం. ఏడు కావస్తోంది. నాకు గడిచింది.

మీకెలా గడిచిందో రాయండి.

మీ
మరిది